లేని కాగితం

"ఐదో షరతు మళ్లీ చదువుతున్నాను, వినండి," అంటూ అద్దె ప్లీడరు కళ్లజోడు ముక్కు మీదికి దించుకున్నాడు. "సదరు దుకాణం పైకప్పు కారినచో మరమ్మతు ఖర్చు యజమానిదే. అంటే ఏమిటమ్మా?"

"వానొస్తే ఈయన గొడుగు పట్టుకుని నా మిషను పక్కన నిలబడాలని," అంది టైలరమ్మ.

దుకాణం యజమాని నవ్వాలా వద్దా అని ఆలోచించి, నవ్వకుండా వాచీ చూసుకున్నాడు.

అద్దె ప్లీడరు కోర్టులో గట్టిగా వాదించినట్టు ఎవరికీ గుర్తులేదు. జడ్జిగారి ముందు నిలబడితే ఆయన గొంతు దానంతటదే తగ్గిపోయేది. అందుకని చిన్న చిన్న కొట్లు, వాటాలు, గదులు అద్దెకిచ్చేవాళ్లకీ తీసుకునేవాళ్లకీ కాగితాలు రాసిపెట్టడంలో స్థిరపడ్డాడు. ఎవరో సరదాకి పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. ఆయన తెల్లచొక్కాలకు మెడపట్టీలు అరిగితే భార్య వాటిని విప్పి, తిరగేసి కుట్టేది. రాసిన ప్రతి కాగితాన్నీ వరుస కింద వేలు పెట్టి, పైకి చదివి వినిపించనిదే సంతకం పెట్టనిచ్చేవాడు కాదు.

"ఇంత తతంగం ఎందుకండీ?" అన్నాడు యజమాని. "నా మాట మీద నమ్మకం లేదా?"

"మీ మాట మీద నమ్మకం ఉంది. మీ తర్వాత ఈ కొట్టు చూసుకునేవాళ్లు ఆ మాట విని ఉండరు కదా."

ఎన్నోసార్లు అన్న మాటే. ఇవాళ మాత్రం అనేశాక గబగబా పేజీ తిప్పాడు. సరిగ్గా అప్పుడే మేడ మెట్ల మీంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఇంటామె దిగి వచ్చి గుమ్మంలో ఆగింది. ఆమె పళ్ల డాక్టరు. ఎవరిదో ఆసుపత్రిలో జీతానికి పనిచేస్తుంది. అద్దె ప్లీడరు ఆఫీసు గది ఉన్న ఈ ఇల్లు వాళ్ల నాన్నది. ఆ నాన్న ఈయనకు ప్రాణస్నేహితుడు, పోయిన ఏడు కాలం చేశాడు.

"బాబాయ్, మీ గది అగ్రిమెంటు దొరికిందా?"

"వెతుకుతున్నానమ్మా. ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది."

"కాస్త తొందరగా చూడండి బాబాయ్. లాయరుగారు మళ్లీ అడిగారు." ఆమె గేటు తీసుకుని వెళ్లిపోయింది.

"మీదే దొరక్కపోతే ఇక మాదేం భద్రమండీ?" అని టైలరమ్మ పకపకా నవ్వింది. ఈసారి యజమాని కూడా నవ్వాడు. అద్దె ప్లీడరూ నవ్వాడు. చెవులు మాత్రం వేడెక్కాయి.

దొరకడానికి అసలు అలాంటి కాగితం ఉంటే కదా! ఈ గదిలో దిగిన రోజున శుభ్రంగా టైపు చేయించి మేడమీదికి తీసుకెళ్లాడు. స్నేహితుడు దాన్ని చదవకుండానే ఆయన జేబులో కుక్కేశాడు. "నీకూ నాకూ మధ్య సాక్షులేంట్రా? పో, పోయి కుర్చీ వేసుకుని కూర్చో." దొంగతనం చేస్తూ దొరికిపోయినంత సిగ్గేసింది ఆయనకు. ఆ సిగ్గుతోనే అద్దెకు రసీదు కూడా అడగలేకపోయాడు. అడగకపోవడమే అలవాటైపోయింది.

ఇంటామె మొదటిసారి వచ్చి, లాయరుగారు కాపీ అడుగుతున్నారని చెప్పినప్పుడు ఆయనకు లాయరు అన్న మాటే వినపడింది. గది ఖాళీ చేయిస్తారని అనుకున్నాడు. గది పోవడం ఒక ఎత్తు, ఊరందరికీ అగ్రిమెంట్లు రాసినవాడికి తన అగ్రిమెంటు లేదని వీధిలో తెలియడం ఒక ఎత్తు. ఎదురుగా కూర్చున్న ప్రతివాణ్నీ సవాలక్ష ప్రశ్నలు వేసే మనిషి, ఎందుకమ్మా అని ఒక్క మాట అడగలేదు. "ఉందమ్మా, వెతకాలి," అనేశాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పితే మూతకు అడుగున చీటీ అంటించి ఉంది. 'అటక మీద లేదు. పరుపుల కింద కూడా చూస్తా.' భార్యకు దుమ్ము పడదు. వారం రోజులుగా ముక్కుకు చెంగు కట్టుకుని, తుమ్ముతూ, పెట్టెలన్నీ దింపి వెతుకుతోంది. ఆమెకూ అదే అబద్ధం చెప్పాడు. అన్నం సహించలేదు. మూత పెట్టేసి, గది తాళం వేసి, తన పాత జూనియరు ఆఫీసుకు బయలుదేరాడు.

అద్దాల తలుపును లాగాల్సింది పోయి నెట్టాడు. లోపలినుంచి ఆవిడే లేచి వచ్చి తీసింది. ఒకప్పుడు ఆయన పక్కన కూర్చుని నకళ్లు రాసిన అమ్మాయి. ఇప్పుడు జుట్టు నెరుస్తోంది.

"కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా సార్!"

"తెలిసినాయన ఒకడున్నాడమ్మా," అన్నాడు, క్లయింట్లు కూర్చునే కుర్చీ అంచున కూర్చుంటూ. "గది అద్దెకు తీసుకున్నాడు. కాగితం రాసుకోలేదు."

"రసీదులు?"

"లేవు."

"బ్యాంకులో వేశాడా?"

"చేతికే ఇచ్చేవాడు."

"చదువుకున్నాయనేనా సార్?"

"ఏదో... కొద్దిగా."

"భలే మనిషి! మీ చేతిలో పడి ఉంటే నాలుగు చీవాట్లు తినేవాడు." నవ్వుతూ తలెత్తి ఆయన ముఖం చూసింది. ఆ నవ్వు నెమ్మదిగా తగ్గింది. తర్వాత కాగితాలు సర్దుకుంటూ, వాటివంకే చూస్తూ మాట్లాడింది. "కరెంటు బిల్లు ఆయన పేరు మీదుంటే అంత తేలిగ్గా కదిలించలేరు సార్. కోర్టుకెక్కితే ఏళ్లూ పూళ్లూ నడుస్తుంది. అంతదాకా ఎందుకు, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడి కొత్త అగ్రిమెంటు రాయిద్దాం. ఆయన్ని ఒకసారి రమ్మనండి."

"చెప్తాను. ఫీజు..."

"మీ దగ్గర తీసుకుంటానా?"

"నా పని కాదమ్మా, ఆయన..."

"ఆయన దగ్గరైనా అంతే సార్."

గుమ్మందాకా వచ్చి సాగనంపింది. తన కళ్లలోకి చూడకుండా ఆవిడ పడ్డ జాగ్రత్త ఆయనకు చీవాట్లకన్నా ఎక్కువగా తగిలింది. అయినా దారి పొడుగునా, తేలిగ్గా కదిలించలేరు అన్న మాటను నోట్లో చప్పరిస్తూనే నడిచాడు.

గేటు తీసేసరికి ఇంటామె మేడమెట్ల మీద చెప్పులు విప్పి కూర్చుని ఉంది.

"ఇక వెతకొద్దులెండి బాబాయ్. దాంతో పని లేదిప్పుడు."

ఆయనకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ తేలికదనం ఆమె తర్వాతి మాట దాకానే ఉంది.

"మా పెద్ద డాక్టరుగారు ప్రాక్టీసు మానేస్తూ కుర్చీ, మిషన్లూ నాకే ఇస్తానన్నారు. ఈ పక్క షెడ్డులో సొంతంగా పెట్టుకుందామనుకున్నా. ఇంటి మీద లోను అడిగితే, అద్దెకున్నవాళ్ల అగ్రిమెంటు చూపించందే కుదరదని బ్యాంకు లాయరు కూర్చున్నాడు. ఇవాళ డాక్టరుగారు అన్నీ వేరేవాళ్లకు అమ్మేశారు. ఎన్నాళ్లని ఆగుతారు పాపం."

గోడ పక్కన షెడ్డు ఉంది. దాని తలుపుకు కొత్తగా నీలం రంగు వేయించి ఉంది. ఇన్నాళ్లుగా ఆ రంగును చూస్తూనే ఉన్నాడు.

"కాగితం లేదమ్మా," అన్నాడు.

"పోనీలెండి, ఎక్కడో పడిపోయుంటుంది."

"పడిపోలేదు. మీ నాన్నా నేనూ రాసుకోనే లేదు."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మరి పిన్ని అటకంతా దింపిందన్నారు?"

"నేనే దింపించాను."

ఆమె చెప్పులు తొడుక్కుంది. కోపంగా అనలేదు, నీరసంగా అంది. "ఆ రోజే లేదని చెప్పుంటే, సాయంత్రానికల్లా మీరే కొత్తది రాసేవారు కదా బాబాయ్."

మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆయన గది తాళం తీసి లోపలికి వెళ్లాడు. లైటు వేసి, ఒక కాగితం మీద తన చేతిరాతతోనే రాయడం మొదలుపెట్టాడు. రాయడం అయ్యాక ఆమెను కిందికి పిలిచాడు.

"చదువుతాను, విను. సదరు గదిని నేటితో ఖాళీ చేసి, తాళంచెవి యజమానురాలికి అప్పగించడమైనది. ఇకపై ఈ గది మీద నాకెట్టి హక్కూ లేదు."

"నేను వెళ్లమన్నానా బాబాయ్?"

"అనలేదమ్మా. అద్దెకెవరూ లేరంటే బ్యాంకువాళ్లు ఈసారి అడ్డుపెట్టరు. కుర్చీలు అమ్మేవాళ్లు ఇంకొకరు దొరుకుతారు."

"మీ వైపు ఒక్క షరతైనా లేదేంటి ఇందులో?"

"ఎందుకు లేదూ? పుస్తకాల బీరువా రేపు తీసుకెళ్లేందుకు అనుమతి అని రాశాను చూడు."

ఆమె నవ్వబోయి, పెదవి కొరుక్కుంది. ఆయన రెవెన్యూ స్టాంపును తడిపి అంటించి, దాని మీదుగా సంతకం పెట్టాడు. తాళంచెవి కాగితం మీద ఉంచి, చేతిసంచీ తీసుకున్నాడు.

"ఏం ప్లీడరుగారూ, పెందలాడే కట్టేశారు?" అని వీధి చివర ఎవరో పలకరించారు. ఆయన తల ఊపి సాగిపోయాడు. ఇంట్లో పరుపులు ఎత్తి చూస్తున్న మనిషికి ఇంకా చెప్పాల్సి ఉంది.

గదిలో బల్ల మీద, స్టాంపులు తడిపే స్పాంజి ముక్క గుండ్రటి గాజు గిన్నెలో అలాగే ఉండిపోయింది. ఏళ్ల తరబడి ఆయన వేళ్లు నొక్కిన చోట గుంటపడి, సిరాతో నీలంగా మారి, ఇంకా తడిగానే ఉంది.