సైకిళ్ళ వరసలో

...అందరికీ అనుకూలం అన్నారు కదా, టూరు కాగితం మీద చక్రాల కుర్చీ బొమ్మ కూడా వేశారు కదా, మరి ఈ రాళ్ళేమిటి, వీధి పొడవునా గుండ్రాళ్ళు, ఒక్కొక్కటీ బోర్లించిన గిన్నెంత, స్కూటరు ముందు చక్రం ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి ఎక్కి దిగుతుంటే పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, నడుములో నరమేదో నలిగి మోకాళ్ళ కింద ఏమున్నదీ తెలియకుండా పోయినప్పటి నుంచీ ఈ బ్యాటరీ స్కూటరే ఆమె కాళ్ళు, పాపం మంచి కాళ్ళే, కాకపోతే ఈ గిన్నెల మీద నడిచే కాళ్ళు కావు, ముందు జెండా ఊపుకుంటూ గైడమ్మాయి, ఆమె వెనక టోపీల గుంపు, గుంపు చివర భర్త, ఆయన పక్కనే ఆయన చెల్లెలు, అందరికంటే వెనక ఈమె, ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు టీచరు, ఈల ఊదితే మైదానం ఆ చివరనున్న పిల్లవాడు కూడా ఎత్తిన కాలు దించేవాడు కాదు, ఇప్పుడు ఏవండీ కాస్త మెల్లగా అని గొంతు చించుకున్నా వినే నాథుడు లేడు, అడిగిందేమైనా గొంతెమ్మ కోరికా, సముద్రం నీళ్ళలో ఒక్కసారి చెయ్యి పెట్టాలి, అంతే, వారం రోజులుగా సముద్రం మీదే తిరుగుతోంది, ఓడలో ఎక్కడో పై అంతస్తులో అద్దం వెనక కూర్చుని చూడడమే తప్ప దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు, ఇది ఆఖరి రేవు, ఇవాళ కాకపోతే ఇంక లేదు, ఇంటికెళ్ళాక ఎవరైనా సముద్రం ఎలా ఉంది అనడిగితే అద్దంలా చల్లగా ఉందని చెప్పుకోవాలి.

పొద్దున్న బస్సు దగ్గరే మొదలైంది ఒళ్ళు మంట, గైడమ్మాయి ఈమె ముందే నిలబడి, ఈమె నెత్తి మీదుగా భర్తను అడిగింది, ఆవిడ ఎక్కగలరా అండీ, ఆవిడకి నోరుందమ్మా, కాళ్ళే లేనిది, అందామనుకుంటే ఈలోపు ఆయనే ఆ ఎక్కుతుంది ఎక్కుతుంది అనేశారు, తర్వాత పాత కోట, అందరూ రాతి సింహాల మధ్య నుంచి దర్జాగా లోపలికి పోతే ఈమెకు వెనక దారి, చెత్త డబ్బాల పక్క నుంచి, వంటగది పక్క నుంచి, కోడిగుడ్ల అట్టలతో కలిసి సరుకుల లిఫ్టులో, పైకి చేరేసరికి గైడమ్మాయి చెప్పాల్సిందంతా చెప్పి ఇంక కిందికి వెళదామా అంటోంది, ఎలా ఉంది వదినా అని ఆడపడుచు, గుడ్లు బాగున్నాయే అంటే ఆ పిల్ల పగలబడి నవ్వింది, ఈమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఏడుపొచ్చేలా ఉంది మరి.

ఇదిగో ఇప్పుడు గంటల గోపురం, రాళ్ళ దారి ఎలాగో అయిపోయింది, చదునైన చౌకు, కానీ గోపురానికి మెట్లు తప్ప ఇంకేం లేవు, మెట్లు పైకి మెలికలు తిరుగుతూ చీకట్లోకి పోతున్నాయి, భర్త స్కూటరు హ్యాండిలు పట్టి ఓ గోడ వారకు నడిపించారు, ఇక్కడ నీడగా ఉంది, నువ్విక్కడే కూర్చో, మేం అలా ఎక్కి ఇలా వచ్చేస్తాం, ఫోటోలు తీసుకొస్తాగా, సరే వెళ్ళిరండి, ఆ మాట ఎంత అలవాటైందంటే మనసు వద్దనుకుంటున్నా నోరు అనేస్తుంది, వెళ్ళిరండి, పక్కనే కమ్మీలకు గొలుసులతో కట్టేసిన సైకిళ్ళ వరస, ఎండలో తళతళ మెరుస్తున్న బెల్లులు, ఒక దాని బుట్టలో ఎవరివో తడి తువ్వాళ్ళు, తడి తువ్వాళ్ళా, అంటే ఈతకొట్టి వచ్చినవాళ్ళు, అంటే దగ్గర్లోనే, మెడ తిప్పి చూసింది, గోపురం పక్క నుంచి సిమెంటు రోడ్డు, గుండు చేసినంత నున్నగా, మెల్లగా వాలుతూ పోయి చివర నీళ్ళలోకే దిగిపోతోంది, పడవల్ని దించే దారి కాబోలు, ఒకావిడ పసిపిల్ల బండి తోసుకుంటూ హాయిగా అక్కడిదాకా వెళ్ళింది, రాయి లేదు, మెట్టు లేదు, సరుకుల లిఫ్టు లేదు, పిల్ల బండి పోయిన చోటికి నా బండి పోదా, ప్రాణం లేచొచ్చింది, వీళ్ళు దిగేలోపు వెళ్ళి చెయ్యి ముంచుకుని వచ్చేయొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు, తాళం తిప్పబోయింది.

తాళం లేదు.

చిల్లు మాత్రం ఉంది, అందులో తాళం లేదు, ఒళ్ళో లేదు, సంచిలో లేదు, కింద పడిందేమోనని వంగి చూసింది, అప్పుడు గుర్తొచ్చింది, నీడలో ఆపాక ఆయన చెయ్యి ఇలా వచ్చి ఇలా వెళ్ళింది, ఉద్యోగమంతా గోదాములో స్టోరు కీపరు, తాళం వేసి మూడుసార్లు లాగి చూడందే ఆయనకు అన్నం సయించదు, దేనికీ తాళం వదిలిపెట్టి రారు, బీరువాకి వదలరు, పెట్టెకి వదలరు, బండి ఆపారు, తాళం తీశారు, జేబులో వేసుకున్నారు, బండి మీద పెళ్ళాం కూర్చుని ఉందన్న సంగతి ఆ చేతికి తెలియదు, అరికాలి మంట నెత్తికెక్కడమంటారే, అరికాలు ఉందో లేదో తెలియకపోయినా ఎక్కింది, ఫోను చేసింది, మోగింది మోగింది మోగింది, కోటలో శబ్దం చెయ్యకూడదన్నారని నోరు నొక్కేసిన ఫోను, ఇంకా అలాగే ఉండి ఉంటుంది, హారను నొక్కింది, తాళం లేందే హారను కూడా పలకదట, పిల్ల బండి ఆవిడ తిరిగొస్తూ ఈమెను చూసి నవ్వి తలూపింది, చూసేవాళ్ళకేం, హాయిగా నీడలో సేద తీరుతున్న పెద్దావిడ, ఈమె కూడా తలూపింది, ఇంకేం చెయ్యాలి, ఆవిడ భాష రాదు, నా తాళం మా ఆయన జేబులో గోపురమెక్కింది అని సైగలతో చెప్పడం ఏ డ్రిల్లులోనూ నేర్పలేదు, నీళ్ళు అక్కడే ఉన్నాయి, ఎండలో మిలమిల, వాసన కూడా వస్తోంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే.

వచ్చారు చివరికి, ఆయన రొప్పుతూ, మోకాళ్ళు పట్టుకుని, ఆడపడుచు వెనకాల ఎర్రగా కందిపోయి, అబ్బ ఏం గాలి వదినా, నువ్వు చూసి తీరాల్సింది, ఇదిగో చూడు చూడు అని ఆయన ఫోను ముందుకు చాపారు, పైనుంచి తీశాను, నువ్వే, కనిపించావా, కనిపించింది, చౌకు, చౌకు వారన కమ్మీలు, కమ్మీలకు వరసగా సైకిళ్ళు, వరస చివర ఇంకో బండి, దాని మీద చుక్కంత తల, ఎలా పెట్టి వెళ్ళారో అలాగే, ఆయన ముఖంలో ఎంత సంతోషమో, నిజంగానే ఆమె కోసమే తీశారు, ఆ సంగతీ తెలుసు, అందుకే తిట్టడానికి నోరు రావడం లేదు, అవతల గైడమ్మాయి జెండా ఊపుతోంది, బస్సు బస్సు అని, పద పద అంటూ ఆయన జేబులోంచి తాళం తీసి తానే పెట్టబోయారు, ఆమె అరచేత్తో చిల్లు మూసింది, ఇలా ఇవ్వండి, పెడతాగా, నాకివ్వండి, ఆ గొంతు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది, ఆయన బడిపిల్లాడిలా ఆమె చేతిలో పెట్టేశారు, తిప్పింది, బండి గుర్రుమంది, బస్సు అటు కాదే అంటున్నారు వెనక నుంచి, తెలుసు, ఆగుతుంది, నేనింతసేపు ఆగలేదా, నున్నటి సిమెంటు మీద చక్రాలు చప్పుడు లేకుండా జారుతున్నాయి, పొద్దుట్నుంచీ రాళ్ళని తిట్టింది, మెట్లని తిట్టింది, ఊరు ఊరంతటినీ తిట్టింది, ఊరు ఇక్కడ దారి ఇచ్చే ఉంచింది, ఒక మనిషి కాళ్ళు ఆ మనిషి దగ్గరే ఉండాలి, ఎంత ప్రేమగా దాచినా సరే ఇంకొకరి జేబులో ఉండకూడదు.