ఒక్క నెగెటివ్

మనుషులు నమ్మదగినవాళ్ళా కాదా అని తేల్చే ఉద్యోగంలో నన్ను చేర్చుకున్నప్పుడు, నా గురించి ఎవరూ ఏమీ విచారించలేదు. పాంటు ఇస్త్రీ చేసి ఉందో లేదో చూశారు. మోటార్ సైకిల్ ఉందా అన్నారు. మామూలు సైకిలే ఉందన్నాను.

"పాతబస్తీకి అదే మంచిది, సందుల్లో పడుతుంది," అన్నారు ఆదిశేషయ్యగారు.

ఆయన ఏదో ప్రభుత్వ శాఖ విజిలెన్సు విభాగంలో రిటైరయ్యారు. ఉద్యోగం అయిపోయింది గాని అనుమానించే అలవాటు పోలేదు. అందుకని దారుల్‌షిఫాలో ఒక కళ్ళజోళ్ళ దుకాణం పై గదిలో ఏజెన్సీ తెరిచారు. రెండువేల నాలుగు నాటికి హైటెక్ సిటీ అద్దాల మేడల్లో కంపెనీలు కుర్రకారును గంపగుత్తగా ఉద్యోగాల్లోకి తీసుకుంటున్నాయి. తీసుకున్నాక వాటికి భయం పట్టుకునేది. ఇంతకీ వీళ్ళెవరు? చెప్పిన ఇంట్లోనే ఉంటున్నారా? ఇరుగుపొరుగు ఏమంటున్నారు? ఆ భయం మీద మేం బతికేవాళ్ళం.

నేను ఎమ్మే సైకాలజీ. 'ఉద్యోగ సంతృప్తి' మీద డిసర్టేషన్ రాసి ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. ఆ విషయంలో నాకు ఉద్యోగమొక్కటే తక్కువైంది. గుంటూరు వైపు నుంచి వచ్చి లాల్‌దర్వాజాలో మేడమీది గదిలో ఒంటరిగా ఉండేవాణ్ణి. పగలంతా మనుషుల్ని ప్రశ్నించే పని కాబట్టి, మిగతా సమయంలో ఎవరితోనూ మాట్లాడనవసరం లేదన్న సౌకర్యం ఉండేది. ఆరు నెలల ప్రొబేషన్ అని చేర్చుకున్నారు. రెండో ఏడాది కూడా ముగింపుకొచ్చింది. పర్మినెంట్ చేస్తూ ఇవ్వాల్సిన ఉత్తరం సంగతి అడిగినప్పుడల్లా ఆదిశేషయ్యగారు, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు కళ్ళజోడు సర్దుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే ఆయనే పిలిచారు.

"బిందుమాధవి మేడమ్ ఫోన్ చేసిందయ్యా." ఆవిడ మాకు కేసులిచ్చే కాల్ సెంటర్ కంపెనీలో హెచ్చార్. "మనం పంపే రిపోర్టులన్నీ పాజిటివ్‌లేనట. అసలు మీవాళ్ళు ఫీల్డుకి వెళ్తున్నారా, ఇరానీ హోటల్లో కూర్చుని రాసేస్తున్నారా అని అడిగింది."

"అందరూ మంచివాళ్ళేనేమో సార్."

"అందరూ మంచివాళ్ళయితే మనమెందుకోయ్?"

ఆ ప్రశ్న నేను చదివిన సైకాలజీలో లేదు. 

"ఒక్క నెగెటివ్ తీసుకురా భరద్వాజ్. ఆ రోజే నీకు పర్మినెంట్ లెటరు. తేలేకపోయావా, వచ్చే నెల నుంచి నువ్వు వేరే పని చూసుకోవాలి. ఇంకో మాట. ఆవిడ మన మీద నిఘా పెడుతుంది, చూస్తూండు. గొంతు మార్చి ఫోన్ చేసి ఆరా తీసే రకం. సర్వీసులో నేను చేసిన పనే కాబట్టి చెబుతున్నాను."

ఆయన చేతికిచ్చిన కేసు యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఉంది. పేరు స్వీటీ. సర్టిఫికెట్లలో కూడా అదే పేరు. కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ, ఫోన్లో మాట్లాడే పని. ట్రైనింగ్ నడుస్తోంది, మా రిపోర్టు బాగుంటే ఉద్యోగం ఖాయం. పొరుగువాళ్ళను అడగవలసినవి: మాటతీరు ఎలాంటిది, రాత్రి పనికి ఇంట్లో అభ్యంతరముందా, పదికాలాలపాటు ఉద్యోగం చేసే మనిషేనా.

గల్లీ మొదట్లో ఆటో తుడుచుకుంటున్నాయన "కిస్‌కో ధూండ్ రై భాయ్?" అంటూ ఎవరి కోసం వెతుకుతున్నానో అడిగాడు. చెప్పాను. అతను నా చొక్కానీ, చంకలోని ఫైలునీ చూసి చిరునవ్వు నవ్వి, వేలితో దారి చూపించాడు. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు.

స్వీటీ ఇంటికి తాళం. పక్కింటి గడప మీద ఒకావిడ లాడ్ బజార్ దుకాణాలవాళ్ళిచ్చిన లక్క గాజులు ముందేసుకుని, వాటి మీద రాళ్ళు అతికిస్తోంది. పేరు పుష్పమ్మ. నేను స్వీటీ పేరెత్తగానే చేతిలో గాజు కింద పెట్టింది. బూట్ల దగ్గర మొదలుపెట్టి జుట్టు దాకా నన్ను చూసి, లోపలికి కేకేసింది.

"ఇగో, ఇంటున్నవా? కుర్సీ తేరాదు! మన స్వీటిని అడుగుతందుకు వచ్చిన్రు!"

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ఆమె భర్త ఆగయ్య కుర్చీ తెచ్చి వేసి, తువ్వాలుతో దులిపి, గోడకానుకుని నిలబడ్డాడు.

"నేను కంపెనీ తరఫున వచ్చానమ్మా. ఉద్యోగం విషయంలో," అన్నాను.

"మాకు తెల్వదా బిడ్డా! మా అక్క బిడ్డను చూస్తందుకు వచ్చినోళ్ళు కరెంటు మీటర్ చూస్తమని వచ్చిన్రు. నువ్వు జర నయం, నౌకరీ అంటున్నవ్. అడుగు, ఏం అడుగుతవో."

మనిషి తనకు కావలసినదాన్నే ఎదుటివాడిలో చూస్తాడని చదువుకున్నాను. పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్న అది. అయితే ఆ ఎదుటివాడు మనమే అయినప్పుడు ఏం చెయ్యాలో సిలబస్‌లో లేదు. పెళ్ళిచూపులకు రాలేదని ఇంకో రెండుసార్లు చెప్పాను. చెప్పినకొద్దీ ఆవిడకు నా తెలివితేటల మీద గౌరవం పెరిగింది.

"అమ్మాయి మాటతీరు ఎలా ఉంటుందమ్మా?"

"మాటనా? నోట్ల నాలుక లేదనుకో. ఇంట్ల ఉన్నదో లేదో ఎర్కగాదు."

"ఫోన్లో కూడా మాట్లాడదా?"

"తౌబా! ఫోన్ మోగితె ఎత్తది. మొగ గొంతు ఇనిపిస్తె పెట్టేస్తది."

"ఇంగ్లీషు బాగా వచ్చన్నారు?"

పుష్పమ్మ గొంతు తగ్గించింది. "సదివింది గని మాట్లాడది బిడ్డా. గసొంటి పొగరు లేదు. మొగనికి ఎదురు చెప్పనీకి తెలుగే మస్తయితది, ఇంగ్లీష్ ఎందుకు?"

గోడ దగ్గర ఆగయ్య దగ్గాడు. ఆ దగ్గులో అనుభవముంది.

"రాత్రిపూట డ్యూటీ అయితే..."

"పొద్దుగూకినంక గడప దాటిందంటె నా పేరు పుష్పమ్మే కాదు."

"మరి ఈ ఉద్యోగం?"

"అగో, గదా నీ ఫికరు! గా జాబ్ గీబ్ ఉత్తగ టైంపాస్. లగ్గం కుదిరిందంటె తెల్లారే ఇడ్సిపెడ్తది. వాళ్ళమ్మ కళావతి దవాఖానల ఆయాగ చేసింది, మాట తప్పే మనిషి కాదు."

 ఇంత సంపూర్ణమైన నెగెటివ్‌ను నేను ఎన్నడూ చూడలేదు. మాట్లాడదు, ఫోనెత్తదు, రాత్రి బయటికి రాదు, ఉద్యోగంలో నిలవదు. శత్రువైతే ఏదో ఒకటి మరిచిపోయేవాడు. ప్రేమ కాబట్టి అన్నీ చెప్పింది. నేనొక్క అబద్ధమైనా రాయనక్కర్లేదు. పొరుగావిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే చాలు, దారుల్‌షిఫాలో నా లెటరు టైపవుతుంది.

కలం మూత తీశాను.

"ఇగ నేనడుగుత," అంది పుష్పమ్మ. "పేరేంది?"

"భరద్వాజ్."

"ఆంధ్రనా? మాట చూస్తె గట్లనే ఉన్నది. సరే, ఎవరైతేంది. మీరేమోళ్ళు? చెప్పవా? మంచిది, చెప్పకు. గిప్పుడు పట్నంల నౌకరీయే కులం. తాగుడు గీగుడు ఉన్నదా?"

"చాయ్ తాగుతాను."

"నౌకరీ పర్మినెంటేనా?"

లాల్‌దర్వాజాలో, దారుల్‌షిఫాలో, నా తలలో రాత్రింబవళ్ళు తిరిగే మాట అది. యాకుత్‌పురాలో కూడా ఎదురవుతుందనుకోలేదు.

"కాదండీ. ప్రొబేషన్."

"గదేంది?"

"అంటే... పనికొస్తానో రానో చూస్తున్నారు."

"ఎన్నొద్దులైంది చూడవట్టి?"

"రెండేళ్ళు కావస్తోంది."

ఆవిడ నన్ను నిజమైన జాలితో చూసింది. "గంతసేపు చూడనీకి నీల ఏమున్నది బిడ్డా?"

అప్పుడే పట్టాల మీద రైలు వచ్చింది. నేను జవాబు చెప్పనక్కర్లేకుండా చాలా పొడుగైన గూడ్సుబండి అది. పోయాక ఆవిడ నా విజిటింగ్ కార్డు అడిగి తీసుకుని, ఆగయ్యకిచ్చింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, ఎటు వెళ్తున్నాడో చెప్పకుండా గల్లీ చివరి కిరాణా దుకాణం వైపు నడిచాడు. అక్కడ కాయిన్ బాక్స్ ఫోనుంది.

ఆయనకు ఎదురుగా ఒకమ్మాయి భుజానికి సంచితో వచ్చింది. పుష్పమ్మ ఆమెను చూసి చెయ్యి ఊపింది. "తల దించుకోని లోపలికి పో బిడ్డా!"

అమ్మాయి తల దించలేదు. నా ఫైలు మీదున్న ఏజెన్సీ పేరు చదివింది.

"మీరు వెరిఫికేషన్ సారా? అత్తా, ఏం చెప్పినవ్?"

"మంచిగనే చెప్పిన. నోరు లేదన్న, ఫోనెత్తదన్న, లగ్గమైతె జాబ్ ఇడ్సిపెడ్తదన్న."

తర్వాత కొంతసేపు ఆ గల్లీలో స్వీటీ గొంతు తప్ప మరేదీ వినపడలేదు. "నాకు నోరు లేదా? అత్తా, నాది నోటితోటి చేసే కొలువు! అమ్మ పోయిన నెల రిటైరైంది, ఇగ నువ్వు పెడ్తవా నాకు బువ్వ?" అని తెలుగులో మొదలై, ఎవరి కిటికీలోంచో "క్యా హువా బేటా" అన్న పెద్దావిడకు ఉర్దూలో సంగతంతా చెప్పి, నావైపు తిరిగి ఇంగ్లీషులోకి మారింది. "సర్, షీ థాట్ యూ కేమ్ ఫర్ మ్యారేజ్. ప్లీజ్ డోంట్ రైట్ ఎనీథింగ్ షీ సెడ్." ఆ ఇంగ్లీషు నాదానికంటే బాగుంది.

"చూసినవా బిడ్డా," అంది పుష్పమ్మ నాతో రహస్యంగా, "గిట్ల ఎన్నడూ ఒర్రది. నిన్ను చూసి సిగ్గైంది."

"రాసిండ్రా సార్?" అంది స్వీటీ.

"ఇంకా రాయలేదు."

"మరి ఏం రాస్తరు?"

కలం చేతిలోనే ఉంది. మూత ఇంకో చేతిలో ఉంది. ఎందుకో నాకు మూత పెట్టడం ముఖ్యమనిపించింది.

"ఆఫీసుకి వెళ్ళి..."

"అంటే నెగెటివే. మాకు ట్రైనింగ్‌ల చెప్పిన్రు. కస్టమర్ 'తర్వాత చెప్తా' అన్నడంటే నో అన్నట్టే."  గడప మీద కూర్చుని, చెప్పుల పట్టీ విప్పుకోవడం మొదలుపెట్టింది. అరిచినప్పటికంటే అప్పుడే ఎక్కువ భయంతో ఉందని తెలిసింది. అది తెలుసుకోవడానికి ఎమ్మే అక్కర్లేదు.

సైకిలెక్కాను. దబీర్‌పురా దగ్గర ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాను. బిందుమాధవి మేడమ్ అనుమానం ఆ విధంగా నిజమైంది. ఫారం బల్ల మీద పెట్టాను. నిజం రాస్తే నేను వేరే పని చూసుకోవాలి. విన్నది రాస్తే ఆ అమ్మాయి చూసుకోవాలి. నాలో ఇద్దరు వాదించుకుంటున్నారని చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, అలాంటిదేమీ జరగలేదు. నాలో ఒక్కడే ఉన్నాడు, వాడు చాయ్ చల్లారిపోతోందని ఆలోచిస్తున్నాడు. చాయ్ అయింది. ఫారం ఖాళీగానే ఉంది.

మెట్లెక్కుతుండగానే ఆదిశేషయ్యగారి నవ్వు వినిపించింది. ఆయన నవ్వడం నేనదివరకు వినలేదు.

"రావోయ్ రా! నేను చెప్పానా లేదా? ఫోన్ వచ్చింది. ఆవిడే!"

"ఎవరు సార్?"

"బిందుమాధవి! గొంతు మార్చి, తెలంగాణ యాసలో, యాకుత్‌పురా గల్లీ నుంచి మాట్లాడుతున్నానని. ఎంత బాగా చేసిందయ్యా! ఆవిడది కృష్ణా జిల్లా అని ఎవరూ పట్టుకోలేరు. 'మీ తాన పనిచేసేటి పోరడు మంచోడేనా, తాగుడు గీగుడు ఉన్నదా, పర్మినెంటేనా' అని ఒక్కొక్కటే లాగింది. నేను దొరుకుతానా? మా సీనియర్ ఎగ్జిక్యూటివ్, పర్మినెంటై ఏడాది దాటింది, బంగారంలాంటి మనిషి అన్నాను."

పుష్పమ్మ ఆగయ్య చేత నంబరు తిప్పించి ఉంటుంది. ఆ సంగతి చెప్పవలసినదే. కాని రెండేళ్ళుగా ఊరందరి గురించీ నిజాలు సేకరించినవాడికి ఒక సాయంత్రం సెలవుండాలనిపించింది.

"రేపు ఆవిడ కాగితం చూపించమంటే ఏం చేస్తాం? అందుకని," అంటూ ఆయన టైప్ చేసిన ఉత్తరం నా ముందుకు తోశారు. నిరుటి తేదీ వేసి ఉంది. నన్ను పర్మినెంట్ చేశారు. నేను లేనప్పుడు, ఏడాది కిందట. "ఇంతకీ ఆ యాకుత్‌పురా పిల్ల సంగతేంటి?"

"సార్, ఆ అమ్మాయి..."

"ఆగు ఆగు. మేడమ్ ఆ గల్లీ నుంచే ఆరా తీసింది. అంటే ఈ కేసులో నిజం ఆవిడకు ముందే తెలుసన్నమాట. మనం తెలివి చూపించొద్దు. ఉన్నది రాసెయ్."

ఉన్నది రాశాను. మాటతీరు అద్భుతం, మూడు భాషలు, రాత్రి పనికి అభ్యంతరం లేదు, ఉద్యోగం అవసరం. పాజిటివ్.   ఆ ఉత్తరం లేకపోతే ఏం రాసి ఉండేవాణ్ణో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. నా మీద నేను చెయ్యగలిగిన ఒకే ఒక్క వెరిఫికేషన్‌కు అవకాశం వచ్చి, చాయ్ తాగేలోపల జారిపోయింది.

ఫోన్ మోగింది. ఆదిశేషయ్యగారు ఎత్తి, విని, లేచి నిలబడి, రిసీవర్‌ను రెండు చేతులతో నాకందించారు. "మేడమే," అన్నారు పెదవులు కదిపి.

"బిడ్డా, నేను, పుష్పమ్మను. మీ సారు నీ గురించి మస్తు చెప్పిండు. పర్మినెంటే అంట గదా, నాతోని ఎందుకు దాచినవ్? నాకైతె నువ్వు నచ్చినవ్. గని పిల్ల వద్దంటున్నది."

"ఎందుకటండీ?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

"ఏం రాస్తవని అడిగితె జవాబ్ చెప్పలేదంట గదా నువ్వు. నోట్ల నాలుక లేని మొగోడు నాకెందుకు అన్నది. మనసుల పెట్టుకోకు బిడ్డా. ఏడనన్న కుదుర్తది."

ఫోన్ పెట్టేశాను. ఆదిశేషయ్యగారు ఇంకా నిలబడే ఉన్నారు.

"ఏమంటున్నారోయ్ మేడమ్?"

"కమ్యూనికేషన్ కొంచెం మెరుగుపరుచుకోమన్నారు సార్," అన్నాను.