జాఫరాబే రేవులో వేరుశనక్కాయ

నైజరు నదికి వరద తీసింది. వానాకాలమంతా ఉత్తరాన ఎడారి అంచుల్లో పశువుల్ని మేపిన మా ఫులానీ కుర్రాళ్లు అవతలి గట్టుకు చేరారు. ఈ రోజే మందలు ఏరు ఈదుతాయి. ఇవతల జాఫరాబే రేవులో పెద్దలు కూర్చుని చూస్తారు. బాగా బలిసిన మంద కాపరికి రంగుల దుప్పటి కప్పుతారు. బక్క మందను తోలుకొచ్చినవాడికి అందరి ముందూ ఒకే ఒక్క వేరుశనక్కాయ ఇస్తారు. అది అందుకోవడం కన్నా ఏట్లో మునగడం నయమంటారు మావాళ్లు.

అవతలి గట్టున మా మేనత్త కొడుకు యెరో ఉన్నాడు. నాకు పొద్దున్నుంచీ కాళ్లు నేలమీద నిలవడం లేదు. మా నాన్న మాత్రం నన్ను చూపించి రేవులో అందరికీ వినపడేలా ఒట్టేశాడు.

"మేనల్లుడైతే ఏంటి? శనక్కాయకి చెయ్యి చాపి పుచ్చుకున్నోడికి నా కూతురు డికోరెనివ్వను!"

"చాల్లే, చెప్పొచ్చావు," అంది నాయనమ్మ. "నీ పెళ్లినాటికి నీ ఆవులకి డొక్కలే గానీ ఒళ్లెక్కడిదిరా?"

ఇంతలో యెరో మంద నీళ్లలో దిగింది. ముందు ఎర్ర ఎద్దు, దాని పక్కనే ఈదుతూ, దాన్ని పొగుడుతూ పాడుతున్న యెరో. ఏరంతా కొమ్ములే! సరిగ్గా నడిమధ్యన నీటిగుర్రం ఒకటి బుస్సుమంటూ తల పైకెత్తింది. ఎద్దు బెదిరి వెనక్కి తిరిగింది. మందంతా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. దూడలు మునుగుతున్నాయి.

"కొమ్ము పట్టు బావా! కొమ్ము!" అని గొంతు చించుకున్నాను.

జాలర్లు తెడ్లతో పడవల్ని దబదబా బాదారు. నీటిగుర్రం మునిగిపోయింది. యెరో కొమ్ము పట్టి ఎద్దును మా వైపు తిప్పాడు, మళ్లీ పాట అందుకున్నాడు. ఒక దూడను భుజాన వేసుకుని గట్టెక్కాడు. ఒక్కటి కూడా పోలేదు! నేను ఎగిరి గంతేశాను.

కానీ తడిసిన ఆవుల పక్కటెముకలు ఎండలో దాగుతాయా? ఈ ఏడు ఉత్తరాన వాన మొహం చాటేసింది. మిగతావాళ్లు దూడల్ని దారిలోనే అమ్మేశారు. యెరో ఒక్కదాన్నీ అమ్మలేదు, పాలిచ్చీ ఇచ్చీ తల్లులు చిక్కిపోయాయి. పెద్దలు డొక్కలే చూశారు గానీ దూడల్ని చూడలేదు. నాకు ఒళ్లు మండింది.

పెద్దాయన శనక్కాయతో లేచాడు. యెరో తల వంచుకుని చెయ్యి చాపబోయాడు. నేను ఒక్క ఉరుకున వెళ్లి, ఆ కాయ లాక్కుని, పటుక్కున విరిచి, ఒక గింజ నమిలేశాను. రేవంతా నోరు తెరిచింది.

"సిగ్గుందటే నీకు?" అని అరిచాడు నాన్న.

"లేదు! కాయ పుచ్చుకుంది నేను, బావ కాదు. నీ ఒట్టు అలాగే ఉంది, చూస్కో!"

నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నాన్న నావైపు చూశాడు, తల్లుల పొదుగుల కింద దూరిన దూడలవైపు చూశాడు.

"ముందు వాటిని పచ్చగడ్డిలోకి తోలమను వాణ్ని," అన్నాడు. "పెళ్లినాటికి డొక్కలు కనపడ్డాయో..."

మిగతా మాట నేను వినలేదు. రెండో గింజ బావ నోట్లో పెడుతున్నాను. అతను చేతులు వెనక్కి కట్టుకునే నోరు తెరిచాడు.