నూరో ఖాళీ క్యాసెట్టు

పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా ఏలీయా ముందు గదిలో అలమర తెరిచి ఖాళీ క్యాసెట్లు చూసుకునేవాడు. అన్నీ సీలు విప్పనివే. ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, టేపంతా ఎడమ చక్రం మీదే ఉందా, కుడివైపుకి ఏమైనా పాకిందా అని ఒక కన్ను మూసి పరీక్షించేవాడు.

ఏలూరు పవర్‌పేటలో ఆయన రికార్డింగ్ సెంటర్ నడిపిన రోజుల్లో జనం పాటల లిస్టు రాసుకుని వచ్చి, వారం ఆగి క్యాసెట్టు పట్టుకెళ్లేవారు. సీడీలొచ్చి 2003లో ఆ షట్టర్ దింపించేశాయి. అప్పట్నుంచీ ఆయనకి ఇదే పిచ్చి. ఎవరి పాటా ఎక్కని క్యాసెట్లు వంద పోగెయ్యాలి. నల్లజర్ల, పెదపాడు ఫ్యాన్సీ షాపుల్లో ఒక్క అర వదలకుండా వెతికాడు.

చిక్కల్లా ఒకటే. ఆ ఇంట్లో ఖాళీ క్యాసెట్లు వినేవి. దగ్గర్లో మాట పడితే చాలు, ఏదో ఒకటి సీలులోనే తిరిగి దాన్ని ఎక్కించుకునేది. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. పాలవాడు కూడా గుమ్మంలో సైగ చేసి గిన్నె అందుకునేవాడు. అయినా ఎన్ని పోయాయని! భార్య ప్రభావతి ఊడుస్తూ తీసిన కూనిరాగానికి ఒకటి, పక్కింటి వెంకట్రాజు కరెంటు బిల్లు గొడవకి రెండు. ఏడాదిన్నరగా తొంభైతొమ్మిది దగ్గరే బండి ఆగిపోయింది. ఒకటి తేవడం, ఒకటి పాడవడం. ఏలీయాకి ఒళ్లు మండిపోయేది. ఎవరు నోరు తెరవబోయినా పెదాల మీద వేలు పెట్టేవాడు.

కూతురు జెస్సీ ఇంటర్ పాసై ఇంట్లోనే ఉంది. ఆ వారం మూడుసార్లు ఏదో చెప్పబోయింది, మూడుసార్లూ ఆ వేలే చూసింది. తిండీ నిద్రా ఆ గదిలోనే అయిన మనిషిని బయటికి రమ్మనాలన్నా నోరు విప్పాలి కదా. చివరికి ఓ కాగితం తెచ్చి మాట్లాడకుండా ఆయన ముందు పెట్టింది. అరలో పరుచుకోవడానికి తెచ్చిందనుకుని, ఈ పిల్లకైనా నా బాధ తెలిసిందని ఆయన మురిసిపోయాడు. పరిచేశాడు కూడా, అచ్చు కిందికి పెట్టి.

శనివారం కామవరపుకోటలో నూరోది దొరికింది. ఆదివారం తలనొప్పని జెస్సీ ఇంట్లో ఉండిపోయింది. ఆయన చర్చి నుంచి వచ్చి చూస్తే, కొత్త క్యాసెట్టులో టేపు కుడివైపుకి పాకి ఉంది. ఎవరని అడగక్కర్లేదు. ఆ పిల్ల ఎదురుగానే వినిపించి సిగ్గు తెప్పిద్దామని, పళ్లు కొరుకుతూ సీలు చింపి టేప్‌రికార్డర్‌లో పెట్టి, మొదటికి తిప్పి నొక్కాడు.

"నాన్నగారండీ, నేనండి, జెస్సీని. నా మాటైతే వినరు గానీ, క్యాసెట్టు తిరిగితే మటుకు వింటారని ఇందులో చెబుతున్నాను. తాడేపల్లిగూడెంలో నర్సింగ్ ట్రైనింగ్‌కి సీటొచ్చిందండి. మీ సంతకం కావాలి. రేపే ఆఖరు. ఫారం మీ మూడో అరలోనే ఉందండి, క్యాసెట్ల కింద." కాసేపు ఖాళీగా తిరిగింది. "మీ నూరోది పాడు చేశాను. తిట్టకండేం."

సిగ్గు ఏలీయాకే వచ్చింది. మూడో అరలో కాగితం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. క్యాసెట్లు గలగలా నేల మీద పడ్డాయి. ఫారం మీద సంతకం పెట్టాడు. అదే పెన్నుతో నూరో క్యాసెట్టు పైనున్న రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచేశాడు. చెరిగిపోకూడని క్యాసెట్టుకి సెంటర్ రోజుల్లో ఆయన చేసే పని అదే. ఇక దాని మీద మరో మాట ఎక్కదు.

తర్వాత కూతుర్ని ఆ గదిలోనే కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఎన్నేళ్లమ్మా ఆ చదువు? మొదట్నుంచీ చెప్పు."

జెస్సీ బెదురుగా నేల మీది క్యాసెట్ల వైపు చూసింది. ఆయన పెదాల మీద వేలు లేదు. మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. కాళ్ల దగ్గర ఒకదాని తర్వాత ఒకటి చక్రాలు తిరుగుతున్న చప్పుడు ఏలీయాకి వినిపిస్తూనే ఉంది. అయినా అటు చూడలేదు.