గోడమీద అంగుళాలు

తాగింది నేను. కాలేయం గట్టిపడింది నా భార్యకు. ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపల మిగిలి ఆ పని చేశాయని డాక్టరమ్మ చెప్పింది. బంధువులు మాత్రం ఇప్పటికీ నావైపే చూస్తారు.

కడుపునిండా నీరు చేరింది. చీర నిలవక, నేను కుట్టిచ్చిన గౌనే వేసుకునేది. డాక్టరమ్మ నీటి మాత్రలు రాసి, వేలు చూపించి మరీ చెప్పింది: "రోజూ పొద్దున్నే బరువు చూడండి. రోజుకు అరకిలో కన్నా ఎక్కువ తగ్గితే మాత్ర ఆపి తీసుకురండి. వారానికోసారి రక్తపరీక్ష తప్పదు."

నేను దర్జీని. తూకం కూరగాయల కొట్టువాడి పని. రోజూ ఆమె బొడ్డు మీదుగా టేపు చుట్టి, కుట్టుమిషను పక్క గోడమీద సుద్దతో అంకె వేసేవాణ్ణి. నలభై నాలుగు. నలభై మూడు. అక్కడ రెండు రోజులు నిలిచింది. ఒక మాత్రకు రెండు ఇచ్చాను.

దాంతో అంకెలు పరుగెత్తాయి. పది రోజుల్లో ముప్పై ఆరు.

"రక్తపరీక్షకు వెళ్ళొద్దా?" అంది.

"గౌను వదులవుతుంటే సూది ఎందుకే?"

ఆమె తమ్ముడు చూడడానికి వచ్చాడు. "అక్క పీక్కుపోయింది బావా."

"గోడ చూసి మాట్లాడు."

చూశాడు. "పెళ్ళినాటి నడుముకు తెస్తావా ఏంటి?"

"తెస్తాను." ఆ సాయంత్రమే గౌను రెండు పక్కలా లోపలికి తీసి కుట్టాను.

మర్నాడు ఆమె, "నోరెండిపోతోందండీ. నిన్నట్నుంచి ఒంటికి వెళ్ళలేదు" అంది.

"ఉన్న నీరంతా పోయాక ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను.

ఆ మర్నాడు నా ముఖం చూసి, "తమ్ముడూ, బావ తిన్నాడా?" అని అడిగింది. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

"కడుపులో నీరు రోజుకు కొంతే కదులుతుంది," అంది డాక్టరమ్మ. "మిగతాదంతా రక్తంలోంచి లాగేశారు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. రోజుకు బరువెంత తగ్గింది?"

"అంగుళాల్లో చెప్పగలను" అన్నాను.

ఆమె కలం కింద పెట్టింది.

మాత్రలు ఆపి, నరంలోకి మందులూ నీళ్ళూ ఎక్కించారు. కిడ్నీలు లేవలేదు, కడుపు మళ్ళీ లేచింది. ఆరో రోజు ఆమె పోయింది.

ఆఖరున తొడగబోతే గౌను పట్టలేదు. ఆమె తమ్ముడు కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు కుట్టిందే కదా బావా."

కుట్లు విప్పడానికి కూర్చున్నాను. నా కుట్టు అంత సులువుగా ఊడదు. చాలాసేపు పట్టింది.