పదహారో పేజీ అడుగున

శుక్రవారం పొద్దున్నే అమర్ ఇంట్లో ప్రింటరు పంతొమ్మిది పేజీలు కక్కింది. వాటిని తీసి సర్దుతున్న వాళ్ళమ్మ సావిత్రి చెయ్యి పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయింది. ఏడో తరగతితో బడి మానేసినా, ఇంగ్లీషులో కొడుకు పేరు ఎక్కడున్నా ఆవిడ పోల్చుకుంటుంది. కాగితం నిండా ఇనప గొట్టాల పరంజా బొమ్మలు. అడుగున అమర్ పేరు.

"ఒరేయ్, ఇది నువ్వెక్కి చూశావా?"

"నేనెక్కడమేంటమ్మా! నేను టైపు కొట్టేవాణ్ణి."

"మరి నీ పేరెందుకుంది?"

అమర్ కాగితం లాక్కుని చూశాడు. స్టేడియం పక్కన లేస్తున్న పార్కింగు భవనం పరంజా మీద రిపోర్టు అది. మొదటి పదకొండు పేజీల అడుగున, ఫుటరులో, తయారుచేసినవాడిగా అతని పేరు, మిగతా ఎనిమిదింటి ఫుటరులో తనిఖీ చేసిన సేఫ్టీ ఇంజనీరు నాగప్ప పేరు ఉండాలి. తీరా చూస్తే పంతొమ్మిదింటి కిందా అమరే.

సావిత్రి మిగతా పేజీల అడుగులు కూడా తిరగేసి చూసింది. రేపు పైనుంచి ఎవరైనా పడితే? పోలీసులు అడుగున పేరు చూసుకుని, ఈ అరబ్బు దేశంలో, ముఐథర్ పేటలో ఈ ఇంటి తలుపే కదా కొట్టేది? ప్రపంచకప్పు దగ్గరపడుతోందని కంపెనీవాళ్ళు యల్లా యల్లా, కానివ్వండి కానివ్వండి అంటూ తరుముతున్నారని కొడుకే చెప్పాడు. తరిమేవాళ్ళు తమ పేరు దాచుకోరూ?

"ఆ నాగప్ప నిన్న ఆఫీసులో నీ కుర్చీలో కూర్చున్నాడన్నావు."

"చల్లగా ఉంటుందని కూర్చున్నాడు."

"కూర్చుని ఏం నొక్కాడో చూశావా?"

"నీకు లిఫ్టు మీద కూడా అనుమానమే అమ్మా."

"లిఫ్టు రెండుసార్లు ఆగింది."

పదింటికి రిపోర్టు కోసం నాగప్పే వచ్చాడు. అనంతపురం వైపు మనిషి. సావిత్రి మంచినీళ్ళిచ్చి, ఆయన చేతులకేసే చూస్తూ అక్కడే నిలబడింది. ఈలోగా లాప్‌టాప్‌లో సంగతి తెలిసి అమర్ మొహం చిన్నబోయింది.

"తప్పు నాదే సార్. పన్నెండో పేజీ నుంచి వేరే సెక్షన్‌గా విడగొట్టాను గానీ, ముందు సెక్షన్‌తో ఫుటరు లింకు తెంపలేదు. మీ పేరు కొడితే మొదటి పేజీలకీ పాకింది. అక్కడ నా పేరు కొడితే మీవి కూడా మారిపోయాయి."

సావిత్రికి ఆ లింకు మాట ఎక్కలేదు. కొడుకు పైవాణ్ణి వెనకేసుకొస్తున్నాడనిపించింది.

అమర్ లింకు తెంపి, ఎనిమిది పేజీలూ మళ్ళీ తీశాడు. నాగప్ప చదువుతూ చదువుతూ ఆగాడు.

"పదహారు, పదిహేడు. ఈ రెండిటి కింద నా పేరు తీసెయ్యప్పా."

"చూశావా!" అంది సావిత్రి, ఆపుకోలేక.

నాగప్ప ఆవిడ వైపు తిరిగాడు. "దాచేదేముందమ్మా. ఈ రెండు పరంజా టవర్లూ నేను ఎక్కలేదు. నిన్న మధ్యాహ్నం ఎండకు పని నిలిపేసినారు. ఎక్కనిదానికి నా పేరెట్ల పెట్టేది?"

"అయితే మావాడిది పెడతారా?"

"ఎవరిదీ వద్దు. ఖాళీగా ఉండనీ."

ఖాళీ అనగానే సావిత్రి గొంతు పెరిగింది. పొలం అమ్మిన రోజున దస్తావేజు లేఖరి ఆవిడ చేత ప్రతి కాగితం అడుగునా సంతకం పెట్టించాడు. అడుగు ఖాళీగా ఉంటే ఎవరైనా ఏమైనా చేర్చేస్తారన్నాడు.

"ఖాళీ వద్దు బాబూ. చూడలేదని రాయించండి."

నాగప్ప ఆ రెండు పేజీలూ మళ్ళీ తిరగేశాడు. అలా రాస్తే ఆ టవర్ల మీదికి ఎవరినీ ఎక్కనివ్వరు. ఇరవై మంది పని ఆగుతుంది. మేనేజరు ఆయన మీదే అరుస్తాడు.

"కొట్టప్పా," అన్నాడు చివరికి. "తనిఖీ కాలేదు అని."

అమర్ ఆ రెండు పేజీలకీ ముందూ వెనకా సెక్షన్ విడగొట్టి, రెండు లింకులూ తెంపాడు. తీసిన కాగితాలు పైకి చదివాడు. "పదిహేను, నాగప్ప. పదహారు, తనిఖీ కాలేదు. పదిహేడు, తనిఖీ కాలేదు. పద్దెనిమిది, నాగప్ప."

"పద్దెనిమిది నాకు చూపించు," అంది సావిత్రి. అడుగున కొడుకు పేరు లేదని చూసుకుని, ఇచ్చేసింది.

నాగప్ప కాగితాలు తీసుకుని లేచాడు. "రేపు పొద్దున ఆరింటికి నేనే పోయి ఎక్కుతానమ్మా. అంతా చూసినాక ఫోన్ చేస్తా. అప్పుడు నా పేరు పెడతాడు."

సావిత్రి తలుపు దాకా వెళ్ళింది. ఎవరూ చూడని ఆ గొట్టాల మీద మొదట కాలు పెట్టేది ఈయనేనని అప్పుడు తట్టింది.

"చూశాక కాదు బాబూ, కిందికి దిగాక ఫోన్ చెయ్యండి."