పోలమ్మ పేరు మీద రెండిళ్ళు

మూడు గంటలు నిలబడ్డాక పెన్షన్ కౌంటరు దగ్గర పోలమ్మ వంతు వచ్చింది. నాలుగు నెలలుగా వితంతు పెన్షన్ వెయ్యి రూపాయలు పడటం లేదు. గుమాస్తా కంప్యూటర్ చూసి బెంగాలీలో విసుక్కున్నాడు. ఇందా పేటలో రెండిళ్ళున్నాయట, నెలకు ఇరవై రెండు వేలు అద్దె వస్తోందట, పేదల డబ్బు కూడా కావాలా అని.

వెనకవాళ్ళు నవ్వారు. పోలమ్మకూ నవ్వొచ్చింది. ఆమెది రైల్వే స్థలంలో రేకుల గుడిసె.

"నాకిళ్ళేటి దాదా!"

గుమాస్తా తెర ఇటు తిప్పాడు. చదవడం రాదు గానీ ఆ ఫొటో తనదే. మూడేళ్ళ కిందట "బేంకు పని" అంటూ యజమాని వెంకటరావు తీయించి, వేలిముద్రలు వేయించుకున్నప్పటిది.

ఎండలో నడుచుకుంటూ వెంకటరావు సిమెంటు దుకాణానికి వెళ్ళింది. వాళ్ళింట్లో ముప్పై నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. తల్లి పోయినప్పుడు వెంకటరావుకు ఆరేళ్ళు. అన్నం కలిపి పెట్టి, బడికి దిగబెట్టింది పోలమ్మే.

వెంకటరావు, పన్నుల సలహాదారు టీ తాగుతున్నారు.

"నా పేర ఇళ్ళేటి బాబూ?"

వెంకటరావు తడబడ్డాడు. "అన్నీ నా పేరే ఉంటే పన్ను ఎక్కువ పడతాదని ఈయన సెప్పినాడు. నువ్వు మా ఇంటి మనిసివని నీ పేర రాయించినాను."

"నా పింఛను ఆపీసినారు."

"ఆ వెయ్యీ నేనిస్తాన్లే."

పోలమ్మకు ఎర్రయ్య గుర్తొచ్చాడు. రెండేళ్ళ కిందట మొగుణ్ణి ఆస్పత్రిలో పెట్టి, ఎనిమిది వేలు ఇమ్మని ఇదే గుమ్మంలో ఏడ్చింది. చేతిలో లేవన్నాడు వెంకటరావు. నాలుగో రోజున ఎర్రయ్య పోయాడు. ఆ నెల అద్దె కూడా తన పేరనే వచ్చి ఉంటుంది.

సలహాదారు ఒక కాగితం, సిరా పెట్టె ముందుకు జరిపాడు. "నీ పేర పన్నుల ఆఫీసు నోటీసొచ్చింది. ఈ ఇళ్ళు నా కష్టార్జితంతో కొనుక్కున్నానని ముద్ర వెయ్యి, చాలు."

"అబద్దమని తేలితే ఎవుల్ని పట్టుకుంతారు?"

వెంకటరావు లేచి ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దాడు. పోలమ్మ చెయ్యి లాక్కుంది.

"ఎయ్యను బాబూ."

"అయితే రేపటి నుంచి పనికి రాకు."

పోలమ్మ అలవాటు కొద్దీ బల్ల మీది ఎంగిలి గ్లాసులు రెండూ చేతిలోకి తీసుకుంది. ఒక్క క్షణం వాటికేసి చూసింది. ఎక్కడివక్కడే పెట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ రోడ్డు మీదికి దిగింది.